నాయనమ్మ ఉమ్మేసిన ఒండ్రు

ఈ ఏడు తొలకరి పడ్డాక ఒక సాయంత్రం మస్తాన్ వలి ఒంగోలులో మా ఇంటికి వచ్చి, పర్చూరు వైపు మా ఊళ్ళో ఉన్న ఎకరంన్నర చెక్కని కౌలుకి ఇమ్మని అడిగాడు. ఆ చెక్కని ఎవరైనా అడిగి చాలా ఏళ్ళయింది. ఎందుకు అడగరో నాకు తెలుసు, అతనికి తెలియదు. అందుకని అతను అడగ్గానే నాకు సంతోషం రాలేదు, అనుమానం వచ్చింది. నేను వెంటనే సరే అనకపోయేసరికి అతనికీ అనుమానం వచ్చింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చదువుకుంటూ కూర్చున్నాం. టీలో నేను పంచదార వెయ్యడం మర్చిపోయాను. అతను ఆ చప్పటి టీ అంతా తాగి, గ్లాసు కింద పెట్టి, చాలా బాగుందన్నాడు. దాంతో నా అనుమానం ఇంకాస్త పెరిగింది.

మస్తాన్‌ది మా ఊరే. వాళ్ళ నాయన పరుపులు కుట్టేవాడు. ఇతను చిన్నప్పటి నుంచీ పొలం పనుల్లో పడి కౌలు రైతయ్యాడు. నలభై ఏళ్ళు ఉంటాయి. అంతకుముందు చేస్తున్న చేను యజమాని ప్లాట్లు వేయడానికి అమ్మేసుకున్నాడట. ఆ సంగతి తెలిసేసరికే ఇతను మిరప నారు పోసేశాడు. మొలకలు లేచి నాలుగాకుల మీద ఉన్నాయి. నెల తిరిగేలోపు వాటిని నాటడానికి నేల కావాలి, లేకపోతే మడిలోనే ముదిరిపోతాయి. "మీ చెక్క ఎన్నేళ్ళనుంచో ఖాళీగా ఉందిగా టీచరమ్మా, విశ్రాంతి తీసుకున్న నేల. మిరప ఇరగకాసుద్ది" అన్నాడు. ఆ నేల తీసుకున్నది విశ్రాంతి కాదని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చెప్పలేదు. ముందు చేను చూద్దాం, వారంలో వస్తాను అని పంపించాను. ఆ వారమంతా నేను పాఠం తయారుచేసుకోకుండా తరగతికి వెళ్ళాల్సిన టీచరులా ఇంట్లో తిరిగాను.

నా పేరు సువార్త. మా నాయన దావీదు మా పేట చర్చిలో సంఘ పెద్ద. ఆదివారం గంట కొట్టడం, చాపలు పరవడం, ఆరాధన అయ్యాక ఎవరి చెప్పులు ఎవరు వేసుకుపోయారో తేల్చడం ఆయన బాధ్యతలు. నేను పుట్టినప్పుడు ఏ ధైర్యంతో ఆ పేరు పెట్టాడో తెలియదు గాని, ఆ పేరు పెట్టుకుని జీవితమంతా బడిపిల్లల తల్లిదండ్రులకి తప్పిన పరీక్షల సంగతి చెప్పడమే నా ఉద్యోగమైంది. మా ఇల్లు రెండు గదుల రెల్లు కప్పు. ఇంట్లో మిరపకాయ తిండి వస్తువు కాదు, వాతావరణం. అమ్మ మాఘమాసం నుంచి రైతుల చేలల్లో కాయ కోతకి వెళ్ళేది. సాయంత్రం వచ్చి, చేతులు మజ్జిగలో ముంచుకుని అరుగు మీద కూర్చునేది. ఆ నెలల్లో అమ్మ నా మొహం కడిగేది కాదు, తల దువ్వేది కాదు. ఆ చేతి మంట నా కళ్ళకి తగులుతుందని భయం. ఇప్పటికీ ఎవరైనా నా చెంప నిమిరితే ఆ మనిషి ఏ పని చేసి వచ్చారో అని ముందు ఆలోచిస్తాను.

ఆ నెలల్లో నా మొహం కడిగి, తల దువ్వేది నాయనమ్మ రాహేలమ్మ. ఊళ్ళో ఆమె నాలుకకి రెండు రకాలుగా విలువ ఉండేది. మొదటిది అందరికీ తెలిసిందే, తిట్టడానికి. రెండోది నేల చూడటానికి. చిటికెడు మట్టి అరచేతిలో వేసుకుని, బొటనవేలితో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఆఖరికి నాలుకకి తాకించేది. ఒక నిమిషం కళ్ళు మూసుకునేది. తర్వాత ఆ నేల పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పేది: ఇది జొన్నకి సరిపోద్ది, ఇది పొగాకు కోరుద్ది, దీని కింద చవుడు ఉంది, పైకి కనపడదు. పేరున్న రైతులు కూడా కొత్త చేను కొనేముందు మూటలో మట్టి పంపించేవాళ్ళు. మనుషుల్ని మాత్రం ఆమె రుచి చూడకుండానే అనుమానించేది. రేషను కిరసనాయిల్ని వాసన చూసేది, అంగడి ఉప్పుని నీళ్ళలో కలిపి అడుగున ఇసుక వెతికేది. కొత్తగా వచ్చిన పాస్టరుగారి గొంతు విని, మరీ తియ్యగా ఉందిరా, కొన్నాళ్ళు చూద్దాం అన్నదట. నేను ఇంటరు తప్పకుండా పాసయ్యానని చెప్పినప్పుడు కూడా, ఇంకెవరైనా ఆ పేరుతో ఉన్నారేమో కనుక్కోమంది. ఆ అనుమానానికి ఆధారం లేకపోలేదు; నా లెక్కల సంగతి నాకే నమ్మశక్యంగా లేదు.

ఆ ఎకరంన్నర ప్రభుత్వం మాకు పట్టా ఇచ్చిన నేల. ఊరి చుట్టూ నల్లరేగడి, మధ్యలో కాస్త మెరక మీద ఇసుక కలిసిన ఎర్రగరువు. ఆ గరువంతా చెక్కలు చెక్కలుగా మా పేటకి వచ్చింది. గరువు నేలకి బలం రావాలంటే ఎండాకాలంలో చెరువు ఎండినప్పుడు అడుగున చేరిన ఒండ్రు తవ్వి తోలుకోవాలి. నల్లగా, మెత్తగా ఉండే ఆ మట్టిని బండ్లతో తోలి చేలో పరిస్తే మూడేళ్ళపాటు మిరప నల్లపచ్చగా లేస్తుంది. మా ప్రాంతంలో ఏ రైతునడిగినా చెరువు మట్టికి మించిన ఎరువు లేదంటాడు. చెరువు మాత్రం ఊరిది. ఊరంటే ఎవరు అన్నది బండ్లు నిలబడిన వరస చూస్తే తెలిసేది. ముందు పెద్ద రైతుల బండ్లు, ఆ వెనక వాళ్ళ బంధువుల బండ్లు, ఆ వెనక ఊళ్ళో మిగతావాళ్ళవి. మా పేట వంతు వచ్చేసరికి ప్రతిసారీ ఆకాశం మబ్బుపట్టేది. ఒకటి రెండు తట్టలు తెచ్చుకునేలోపు చెరువులోకి నీళ్ళొచ్చేవి. వాన కోసం ఊరంతా ప్రార్థన చేస్తుంటే, మా నాయన ఒక్కడే వారం ఆగి కురిపించు ప్రభువా అని మనసులో అనుకునేవాడని అమ్మ నవ్వేది.

నేను చీరాల కాలేజీలో డిగ్రీ మొదటి ఏడు చదువుతున్నప్పుడు మా గరువు పక్కన రిగ్గు దిగింది. భూమి లోపల నూనె ఉందో లేదో చూడటానికి వచ్చిన కంపెనీ. పేరు చెప్పను, చెప్పినా ఆ బోర్డు తీసేసి ఏళ్ళయింది. తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టినంత ఎత్తు ఇనుప గోపురం, దాని నిండా దీపాలు. దాని మోతకి మా ఇంట్లో ఉట్టి మీద కుండ సన్నగా వణికేది, పాలు తోడుకునేవి కావు. పేటలో ఎవరి ఊహ వాళ్ళది. నూనె పడితే ఇంటికో ఉద్యోగం అన్నారు కొందరు. మా నాయన కోరిక చిన్నది: పడినా పడకపోయినా వాళ్ళు వేసిన కంకర రోడ్డు తీసేయకుండా పోతే చాలన్నాడు. నాయనమ్మ మాత్రం, నేలకి అంత లోతు చిల్లి పెట్టినవాడు దాన్ని దేంతో పూడుస్తాడో అడగండ్రా అనేది. ఎవరూ అడగలేదు. కొన్ని నెలలకి మోత ఆగిపోయింది. నూనె పడలేదన్నారు. ఉప్పునీళ్ళు పడ్డాయని కొందరు, గ్యాసు పడిందని కొందరు, పడినా మనకి చెప్పరని నాయనమ్మ.

రిగ్గు విప్పుకుని పోయేముందు వాళ్ళకి మిగిలింది ఒక గుంట. తవ్వేటప్పుడు లోపలికి పంపి బయటికి తీసిన బురదంతా దాంట్లో వదిలారు. ఎండకి పైన గట్టిపడి, మీగడ కట్టినట్టు నిగనిగలాడుతూ, బూడిదరంగులో కాస్త నీలం కలిసి ఉండేది. చేత్తో పట్టుకుంటే వెన్నలాగా జారేది. చెరువు ఒండ్రు కోసం తరతరాలుగా మొహం వాచిపోయిన మా పేటవాళ్ళకి దాన్ని చూస్తే ఏమనిపిస్తుందో ఊహించుకోవచ్చు. గుంట పూడ్చే పని కాంట్రాక్టు తీసుకున్న ఒకాయన జీపులో వచ్చేవాడు. మా వాళ్ళ చూపు ఎక్కడుందో కనిపెట్టాడు. ఆయనకి తెలుగు సగమే వచ్చు, ఆ సగంతోనే పని కానిచ్చాడు. మంచి మట్టి, ఫ్రీ, ఎంత కావాలంటే అంత అన్నాడు. వరస లేదు, వంతు లేదు. మా నాయన ఆ రోజు ఇంటికి వచ్చినప్పుడు నడక కూడా వేరుగా ఉంది.

మర్నాడు పేటలో ఏడెనిమిది ఇళ్ళవాళ్ళు నాయనమ్మని వెంటబెట్టుకుని గుంట దగ్గరికి వెళ్ళారు. సెలవుల్లో ఇంటిదగ్గరున్న నేనూ వెళ్ళాను. నాయనమ్మ గుంట అంచున కూర్చుని చిటికెడు తీసి నలిపింది, వాసన చూసింది, నాలుకకి తాకించింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు. పక్కకి తిరిగి ఉమ్మేసింది. కొంగుతో నాలుక తుడుచుకుని మళ్ళీ ఉమ్మింది. చెంబుతో నీళ్ళడిగి పుక్కిలించింది. అందరూ చూస్తున్నారు.

"ఇది ఒండ్రు కాదురా దావీదూ" అంది. "చెరువు మట్టంటే నాచు వాసన రావాల, పురుగు ఉండాల. దీంట్లో ఒక్క పురుగన్నా లా. ఉప్పు తగలతంది. నాలిక మీద సబ్బులాగా జారతంది."

ఊరికే ఇస్తున్నారు కదమ్మా అన్నాడు నాయన. అంత మంచిదైతే ఆ జీపోడు వాళ్ళ ఊరికి తోలుకుపోక మనకెందుకు ఇస్తాడు అంది నాయనమ్మ. అప్పుడు నాయన నా వైపు చూశాడు. మా పేటలో కాలేజీ మొహం చూసింది నేనొక్కదాన్నే. గుంట పక్కన షెడ్డులో ఖాళీ సంచులు గుట్టగా పడి ఉన్నాయి. బురదలో కలిపిన సరుకు ఆ సంచుల్లోనే వచ్చింది. దాని మీద ఏం రాసుందో చదివి చెప్పమ్మా అన్నాడు.

అప్పటిదాకా నన్ను నీళ్ళు తెమ్మన్నవాళ్ళే గాని చదివి చెప్పమన్నవాళ్ళు లేరు. నేను ఓణీ సర్దుకుని, కళ్ళజోడు లేకపోయినా ఉన్నట్టు మొహం పెట్టి, సంచి తిప్పాను. పెద్ద అక్షరాల్లో ఉన్న మాట మా పాఠ్యపుస్తకంలో ఉన్నదే. ఒక రకం బంకమట్టి. అది బంకమట్టే నాయనా, మా పుస్తకంలో ఉంది అని గట్టిగా చెప్పాను. అందరి మొహాలూ వెలిగాయి. ఆ గుట్టకి అవతల ఇంకో రకం సంచులున్నాయి. వాటి మీద అరచేయి బొమ్మ, దాని మీద చుక్క పడి చెయ్యి తినేస్తున్నట్టు గీతలు. ఆ బొమ్మ నాకు తెలుసు. మా కాలేజీ ప్రయోగశాలలో ఒక సీసా మీద ఉండేది. కాస్టిక్ సోడా. ఒకసారి దాని చుక్క నా వేలి మీద పడితే, కడిగేలోపు వేలు సబ్బు రాసినట్టు జారింది. నాయనమ్మ నాలుక చెప్పింది సరిగ్గా అదే. నాకు ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసి, ఆ సంచులు యంత్రాలు కడుక్కోవడానికి తెచ్చుకుని ఉంటారని నాకు నేనే చెప్పుకున్నాను. నాయన మొహంలో వెలుగు చూశాక దాన్ని ఆర్పే మాట నా నోట రాలేదు. అది కొంత. మిగతాది, అందరూ నా మాట కోసం చూస్తుంటే నాకు చాలా బాగుంది.

నాయనమ్మ ఇంకోసారి, ఇది వద్దురా అంది. నేను నవ్వుతూ, ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోయేలా గుర్తున్న ఆ మాట అన్నాను.

"పుస్తకంలో ఉంది నాయనమ్మా. నీ నాలిక్కి ఇంగ్లిషు రాదు."

అందరూ పెద్దగా నవ్వారు. నాయనమ్మ కూడా కొంచెం నవ్వింది. చదివినదానివి, నీకు తెలవదా అని లేచి, చీర దులుపుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఊరంతటి నోరూ మూయించే మనిషి నోరు మూయించిన ఘనత నాది.

ఆ పదిహేను రోజులు మా పేటకి పండగ. అద్దె బండ్లు, అరువు తెచ్చుకున్న ఎద్దులు, ఎద్దులు లేనివాళ్ళు తట్టలు. పాటలు పాడుకుంటూ తోలారు. రెండో వారంలో ఊళ్ళో ఒక పెద్ద రైతు బండి వచ్చి మా బండ్ల వెనక నిలబడింది. మా నాయన దాన్ని చూసి, రండి బాబూ, ఇంకా చాలా ఉందిలెండి అన్నాడట. ఆ ఒక్క మాట అనగలిగినందుకు ఆయన ఆ రాత్రి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడని అమ్మ చెప్పేది. నాయనమ్మ ఒక్క తట్ట కూడా మొయ్యలేదు. నడుం నొప్పి అంది.

మిరప నాటాక మొదటి వానకే తేడా కనిపించింది. గరువు నేల వాన నీళ్ళని గుటక వేసినట్టు తాగేది. ఆ ఏడు తాగలేదు. నీళ్ళు పైనే నిలబడ్డాయి, వాటి మీద రంగురంగుల తెట్టె తేలింది. నీళ్ళు ఆరాక నేల పెంకులాగా గట్టిపడింది, ఎండకి పలకలు పలకలుగా పగిలింది. మొక్కల ఆకుల అంచులు ముందు పసుపయ్యాయి, తర్వాత వేడి పెనానికి అంటుకున్నట్టు మాడాయి. చచ్చినచోట మళ్ళీ నాటాం, అవీ చచ్చాయి. సాళ్ళ మధ్య తెల్లగా పొడి లేచింది. మధ్యలో దున్నినప్పుడు నేను గట్టు మీదనుంచి చూసింది ఒకటి నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. నాగలి వెనక పురుగుల కోసం నడిచే తెల్ల కొంగలు పక్క చేలోంచి వస్తూ వస్తూ మా గట్టు దగ్గర ఆగిపోయాయి. ఒకటి మాత్రం లోపలికి నాలుగడుగులు వేసి, చుట్టూ చూసి, వెనక్కి వెళ్ళింది. నాయనమ్మ ఆ కొంగని చూసింది, తర్వాత నన్ను చూసింది.

నాయన కంపెనీ వాళ్ళ కోసం వెళితే అక్కడ సిమెంటు దిమ్మ, ఇనుప మూత వేసిన గొట్టం తప్ప ఎవరూ లేరు. ఒంగోలులో ఆఫీసులకి తిరిగాడు. అర్జీ రాసింది నేనే. ఆయన చెబుతుంటే రాశాను. కంపెనీ వారు మంచి మట్టి అని చెప్పగా నమ్మి తోలుకున్నాము అని చెప్పాడు. నేను కలం ఆపి ఆయన వైపు చూశాను. రాయమ్మా అన్నాడు. ఒక ఆఫీసరు, ఆ మట్టి చేలో వేసుకోమని మీకు ఎవరు చెప్పారు అని అడిగితే కూడా ఆయన కంపెనీవాళ్ళే అన్నాడట. పేటలో ఎవరూ, ఎప్పుడూ, నా పేరు ఎత్తలేదు. నా చదువు ఆపమనీ అనలేదు. అమ్మ కోతకి వెళ్ళే రోజులు పెరిగాయి, మజ్జిగ గిన్నె దగ్గర కూర్చునే సేపు పెరిగింది. తర్వాతి ఏళ్ళలో పై పొర గీకి పారబోశారు, జిప్సం చల్లారు, పచ్చిరొట్ట ఎరువుకి జీలుగ వేసి దున్నారు. నాయనమ్మ మొండికేసి పత్తి పెట్టించింది. పత్తి కాస్త ఉప్పుని ఓర్చుకుంటుంది కాబట్టి మోకాలెత్తు లేచింది. మిరప మాత్రం వేసిన ప్రతిసారీ మాడింది. అంతా ఆ బురద వల్లేనా, కింద మొదట్నుంచీ ఉన్న చవుడు కూడా కలిసిందా అని ఎవరైనా నిలదీస్తే నేను ప్రమాణం చెయ్యలేను. ఎవరూ పరీక్ష చెయ్యలేదు, చేసినవాళ్ళు కాయితం చూపించలేదు. అనుమానం తప్ప మా దగ్గర ఏమీ మిగల్లేదు. ఒక్కొక్కరే కూలికి వెళ్ళడం మొదలుపెట్టారు, చెక్కల్లో సర్కారు తుమ్మ మొలిచింది.

నాయనమ్మ నన్ను ఒక్కసారి కూడా దెప్పలేదు. ఊళ్ళో ఎవరినీ వదలని మనిషి నన్ను వదిలేయడమే నాకు పెద్ద శిక్ష అనిపించేది. ఒకటే మార్పు వచ్చింది. అప్పట్నుంచీ ఇంటికి ఏ సంచి వచ్చినా, మందు సీసా వచ్చినా, నా చేతికిచ్చి చదవమనేది. నేను చదివాక, "ఇంకో వైపు కూడా చూశావా?" అని అడిగేది. ఆమెకి ఎంత తెలుసో నాకు తెలియదు. అడగడానికి నాకు ధైర్యం లేదు, ఆమె పోయేదాకా.

మస్తాన్ మా ఇంటికి వచ్చి వెళ్ళిన వారానికి నేను బస్సులో పర్చూరు వెళ్ళాను. అక్కడినుంచి మస్తాన్ తన బండి మీద చేను దగ్గరికి తీసుకెళ్ళాడు. రోడ్డుకి ఒక పక్క ప్లాట్ల రాళ్ళు, ఇంకో పక్క పత్తి. మా చెక్కలో అతను అప్పటికే ఒక మూల తుమ్మ కొట్టించాడు. నేను ఒప్పుకోకముందే కొట్టించాడంటే నారు అతన్ని ఎంత తరుముతోందో అర్థమైంది. ఫోన్లో నారుమడి ఫోటో చూపించాడు. పచ్చగా, దట్టంగా, ఒక్క మచ్చ లేకుండా ఉంది. దాన్ని చూశాక నాకు చెప్పక తప్పలేదు. చెట్టు నీడ కూడా లేనిచోట, కల్వర్టు గోడ మీద కూర్చుని, రిగ్గు గురించి, గుంట గురించి, నాయనమ్మ ఉమ్మేయడం గురించి, మాడిన మిరప గురించి చెప్పాను. మస్తాన్ ఓపిగ్గా విన్నాడు. తర్వాత జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో ప్రభుత్వం ఇచ్చిన భూసార పరీక్ష కార్డు. ఆ కార్డు ప్రకారం ఆ నేలకి ఏ జబ్బూ లేదు. ఇన్ని చేలకి కలిపి ఒకచోట మట్టి తీస్తారు, తీసింది మా చెక్కలో కాకపోవచ్చు అన్నాను. అతను తల ఊపాడు గాని నమ్మినట్టు లేదు.

"టీచరమ్మా, ఒక మాటడుగుతా, ఏమనుకోబాకండి. ప్లాట్లకి ఇచ్చేశారా?"

లేదన్నాను. ఇంకెవరికైనా మాటిచ్చారా అన్నాడు. లేదన్నాను. అయితే నలభై ఏళ్ళ కిందటి బురద గురించి ఇప్పుడెందుకు చెబుతున్నారో అర్థం కావట్లేదన్నాడు. అప్పుడు సగం తెలిసిందాన్ని అంతా తెలిసినట్టు చెబితే పేటంతా బండ్లు కట్టింది. ఇప్పుడు జుట్టు నెరిసి, ముప్ఫై ఏళ్ళు సైన్సు పాఠాలు చెప్పి, నా నేల గురించి నేనే చెడ్డగా చెబుతుంటే ఒక్క మనిషి నమ్మడం లేదు. అతన్ని తప్పుపట్టలేను. సొంత సరుకుని తిట్టుకునే అమ్మకందారుని చూస్తే ఎవరికైనా అనుమానమే వస్తుంది.

కాసేపటికి మస్తాన్, అయితే అదంతా కాయితం మీద రాసిచ్చి సంతకం పెట్టండి అన్నాడు. రేపు నేను వద్దని పోయాక మీవాళ్ళెవరో మంచి నేలంటూ ఇంకో కౌలోడికి ఇవ్వకుండా, ఆ కాయితం ఊళ్ళో ఉండాలన్నాడు. అది నన్ను పరీక్షించడానికే అని నాకు తెలుసు. నేను సంచిలోంచి నోటు పుస్తకం తీసి రాశాను. చేతికి అలవాటైన వాక్యాలే వచ్చాయి. ఈ చెక్కలో ఫలానా కాలంలో నూనె బావి తవ్విన బురద, కంపెనీ వారు మంచి మట్టి అని చెప్పగా, నమ్మి తోలినాము. మిరప పనికిరాదు. కింద సంతకం. అతను తీసుకుని, పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివాడు.

"ముసలామె ఉమ్మేసిందన్నారుగా" అన్నాడు.

అవునన్నాను.

"అంగడి ఉప్పునే నమ్మని మనిషని ఊళ్ళో అనుకునేవాళ్ళు. జీపులో వచ్చినోడు చెబితే ఊరుకుందా? ఆమె మాట కాదని పేటంతా తోలారంటే, ఆమె మీద మాట చెప్పిందెవరమ్మా? ఈడ రాయలేదే."

చేలో తుమ్మ కొట్టేవాళ్ళు పని ఆపి నీళ్ళు తాగుతున్నారు. అమ్మా నాయనా నాయనమ్మా, గుంట దగ్గర నవ్విన అందరూ, ఒకరి తర్వాత ఒకరు పోయారు. ఆ షెడ్డులో రెండు రకాల సంచులున్నాయని తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను. నేను కూడా పోతే కంపెనీవాళ్ళే చెప్పారన్నది నిజమైపోతుంది. నేను కాయితం వెనక్కి తీసుకుని, సంతకం కింద మిగిలిన చోటులో ఇంకో నాలుగు వరసలు రాశాను. బంకమట్టి అని చదివి చెప్పింది నేను. పక్కన కాస్టిక్ సోడా సంచులు చూశాను. అది ఏం చేస్తుందో నాకు తెలుసు. చెప్పలేదు. మళ్ళీ సంతకం పెట్టాను.

మస్తాన్ ఈసారి పెదవులు కదపకుండా చదివాడు. చదివి చాలాసేపు నారుమడి ఉన్న దిక్కు చూశాడు. "ఇందాకటిదాకా నమ్మలా టీచరమ్మా" అన్నాడు. "మీ వైపు ఎవరి తప్పూ లేకుండా నేల చెడిందంటే ఎట్టా నమ్మేది?" కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి, కార్డు ఉన్న కవర్లోనే, కార్డుకి ముందు పెట్టాడు. తుమ్మ కొట్టేవాళ్ళని కేకేసి ఇక చాలన్నాడు. తర్వాత భార్యకి ఫోన్ చేశాడు. అవతల ఆమె గొంతు నాకు వినపడుతూనే ఉంది. నారు సంగతి, నెల సంగతి, టీచరు ఏం మెలిక పెట్టిందని అడుగుతోంది.

"మెలికేం లేదు" అన్నాడు మస్తాన్, నా వైపు చూడకుండా. "ఇక్కడ నాటం. పొద్దున్నే ఇంకోళ్ళ కాడికి పోయి అడుగుదాం. మడికి నీళ్ళు మాత్రం ఆపబాక."